చూసే చెబుతున్నాను

ఆసుపత్రి విచారణ కౌంటర్లో కూర్చునే ఆయన్ని సిబ్బంది ‘చూశా బాబాయి’ అంటారు. ఎవరేం అడిగినా ఆయన నోటికొచ్చింది చెప్పడు. కళ్ళజోడు సర్దుకుని, కంప్యూటర్‌లో పేషెంట్ల పేజీ తెరిచి, "చూసే చెబుతున్నాను" అంటాడు. ఆ మాటంటే ఆయనకి మహా ముద్దు. కొలువు చిన్నదే అయినా, తన నోట తప్పు మాట రాదని ఇంటా బయటా చెప్పుకుని మురిసిపోయే మనిషి.

ఆయన బాధల్లా ఆ కంప్యూటర్‌తోనే. పేజీ నత్తనడకన వచ్చేది, క్యూలో వాళ్ళు సణుక్కునేవాళ్ళు. పక్కన బిల్లుల కౌంటర్ అమ్మాయి "నీది ఇంకా నిద్ర లేవలేదా బాబాయ్?" అని ఆటపట్టించేది. ఆ రోజు పొద్దున్నే ఆయన పట్టుదలగా బ్రౌజర్ సెట్టింగుల్లో తల దూర్చాడు. ఒకసారి తెరిచిన పేజీని బ్రౌజర్ తన దగ్గరే దాచుకుంటుందట. మళ్ళీ తెరిచినప్పుడు కొత్తది వచ్చిందేమో చూడాలా అని అడుగుతోంది. ఆలస్యమంతా ఇక్కడే ఉందన్నమాట! ‘ఎప్పటికీ వద్దు’ అన్నదాని మీద నొక్కేశాడు. అంతే, పేజీ రెప్పపాటులో తెరుచుకుంది. "చూశావా మన పనితనం!" అని ఆ అమ్మాయి ముందు కాలర్ ఎగరేశాడు.

కాసేపటికి చొక్కా నిండా రంగు మరకలతో ఒక పెయింటర్ వచ్చాడు. తల్లి ఐసీయూలో ఉంది. దూరం నుంచి, పని మానుకుని వచ్చాడు. సాయంత్రం బస్సుకే తిరిగి వెళ్ళాలి.

"ఐసీయూలోకి ఎవర్నీ పంపరయ్యా. వార్డుకి మారిస్తే చెబుతాలే, కూర్చో" అన్నాడు బాబాయి.

అతను కూర్చున్నాడు. మధ్యమధ్య వచ్చి అడిగాడు. అడిగినప్పుడల్లా బాబాయి పేజీ తెరిచాడు, తెరిచినప్పుడల్లా ఐసీయూ అనే ఉంది. చివరికి విసుగొచ్చి అందరి ముందూ గొంతు పెంచాడు.

"ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు? చూసే చెబుతున్నానా, లేదా? చెవులు పనిచెయ్యవా?"

"తప్పయింది సార్" అని చెట్టంత మనిషీ వెనక్కి వెళ్ళి బెంచీ అంచున ఒదిగి కూర్చున్నాడు.

సాయంత్రం పై వార్డు ఆయా దిగొచ్చింది. "పొద్దున ఐసీయూ నుంచి మార్చారే, ఆ పెద్దావిడకి ఎవరూ లేరా? కొడుకొస్తాడని కళ్ళల్లో వత్తులేసుకుని చూస్తోంది పాపం" అంది.

బాబాయి పేజీ తెరిచాడు. ఐసీయూ. బిల్లుల అమ్మాయి తన తెర చూసి, "వార్డులోనే ఉంది బాబాయ్. నీది పాత పేజీ. పొద్దున ఏం నొక్కావసలు?" అంది.

చెప్పాడు. ఆ అమ్మాయి ఈసారి నవ్వలేదు. వంగి, సెట్టింగు ‘ప్రతిసారీ చూడు’కి మార్చి, పేజీని మళ్ళీ తెరిచింది. అది ఎప్పటిలాగే బద్ధకంగా వచ్చింది. వార్డు అని ఉంది. బాబాయికి తల తీసేసినట్టయింది. పొద్దున్నుంచీ ఇంకెంతమందికి ఇలా చెప్పాడో!

పెయింటర్ని తనే మెట్లెక్కించి తీసుకెళ్ళాడు. దారిలోనే నిజం చెప్పేద్దామనుకున్నాడు. కానీ అతను మెట్టు మెట్టుకీ "మీకు శ్రమ ఇచ్చాను సార్" అంటున్నాడు.

కొడుకుని చూడగానే ముసలావిడ మొహం గోడవైపు తిప్పుకుంది. "ఇప్పటికి తీరిందట్రా నీకు?"

"నిన్ను వార్డుకి తెచ్చింది ఇప్పుడే కదమ్మా. ఈయన నాకోసం రోజంతా చూస్తూనే ఉన్నారు."

"పొద్దున్నుంచీ ఇక్కడే ఉన్నాను కదరా!"

అతను అర్థంకాక బాబాయి వైపు చూశాడు. ఆ చూపు ముందు నిలబడలేక బాబాయి కళ్ళు దించుకున్నాడు.

"మీవాడు పొద్దున్నుంచీ కిందే ఉన్నాడమ్మా. నేనే పైకి రానివ్వలేదు. నా కంప్యూటర్‌లో పాతదే కనపడింది. తప్పు నాదే."

చూడ్డానికి వచ్చినవాళ్ళు వెళ్ళాలని గంట మోగింది. పెయింటర్ తల్లి చెయ్యి ఒకసారి పట్టుకుని, సంచి భుజానికి తగిలించుకున్నాడు. నాలుగు తిట్టినా బాగుండుననిపించింది బాబాయికి.

ముసలావిడ మాత్రం, కోపమేమీ లేకుండా, నిజంగానే తెలియక అడిగింది.

"ఒక్కసారి మెట్లెక్కొచ్చి చూడకపోయావా, నాయనా?"