ఎడమ కాలు ముందేసి

ఎనభైల చివర్లో మేం మరాఠీ వాళ్ల ఊళ్లో, మనవాళ్లు ఎక్కువగా ఉండే భవాని పేట్‌లో ఉండేవాళ్లం. మా గల్లీ ఏటవాలుగా ఉండేది. పై కొసన మా ఇల్లు, కింది కొసన నీళ్ల నల్లా. నల్లా దగ్గర గల్లీ ఒక్కసారిగా కుడికి మలుగుతుంది.

నాకు పన్నెండేళ్లున్నప్పుడు నాన్న పనిచేసే పవర్‌లూమ్ కార్ఖానాలో అరిగిపోయిన బేరింగులు మూడు మా అన్న తెచ్చి, పలకకు బిగించి బండి చేశాడు. ముందరి అడ్డకర్ర ఒక్క బోల్టు మీద అటూ ఇటూ తిరిగేది. వేరే గల్లీల పిల్లలు అలాంటి బండి మీద కూర్చుని జారేవాళ్లు. మాకు నిలబడి జారడమే గొప్ప. ఒక కాలు అడ్డకర్ర మీద, ఒకటి వెనక పలక మీద, ఒళ్లు పక్కకు తిప్పి నిలబడాలి. ముందుండేది కుడి కాలేనని అన్న తేల్చేశాడు. శుభానికి కుడి కాలు కదా! అందరం అలాగే నిలబడేవాళ్లం.

కుడి కాలు ముందు పెట్టి నేను ఎన్నిసార్లు ఎక్కానో అన్నిసార్లూ పడ్డాను. ఒళ్లు నాది కానట్టే ఉండేది. ఒకనాడు ముందు పన్ను సగం విరిగింది. అన్న బండి గుంజుకున్నాడు.

"నీతోని కాదు. పోయి అమ్మతోని బీడీలు చుట్టుపో."

"అయితది. ఇంకొక్కపారి ఇయ్యి."

"పో అంటున్న గద!" అని వెనక నుంచి తోశాడు.

పడబోయి ఆగాను. చూసుకుంటే, చటుక్కున ముందుకొచ్చి నన్ను నిలబెట్టింది ఎడమ కాలు.

"మళ్ల తొయ్యి" అన్నాను.

అన్న బిత్తరపోయి చూసి, మళ్లీ తోశాడు. మళ్లీ ఎడమదే వచ్చింది.

నాది పొద్దుటి బడి, అన్నది మధ్యాహ్నం బడి. అన్న అటు పోగానే నేను బండి తీసేదాన్ని. ఎడమ కాలు ముందు పెట్టగానే మోకాళ్లు వాటంతటవే వంగాయి, బరువు దాని చోటికి అది చేరింది. వారం రోజుల్లో గల్లీలో సగం దూరం పడకుండా పోగలిగాను.

కార్ఖానాకూ బళ్లకూ సెలవున్న రోజున అందరి ముందూ బండి అడిగాను. నా కాలు చూసి పిల్లలు "డావ్రీ! డావ్రీ!" అని అరిచారు. ఎడమ వాటం వాళ్లను మరాఠీలో అలా వెక్కిరిస్తారు.

"కుడి కాలు వెడితెనే ఇస్త" అన్నాడు అన్న.

"నువ్వు కుడి కాలు వెట్టే నల్లా కాడ మలుపుకపో. మలిగినవంటె ఇగ జిందగీల నిన్ను బండి అడగ."

అప్పటిదాకా ఆ మలుపు తిరిగినవాళ్లు లేరు. అక్కడిదాకా పోయినవాళ్లంతా ముందే దూకేసేవాళ్లు. అన్న పోయాడు, నల్లా ముందర దూకాడు. బండి వెళ్లి గోడకు కొట్టుకుంది. నేను వెళ్లి దాన్ని ఎత్తుకొచ్చాను. పై కొసన ఎడమ కాలు ముందు పెట్టి ఎక్కి జారాను.

బిందెలు పట్టుకున్న ఆడవాళ్లు "బాజూలా వ్హా! పోరి వస్తాంది!" అని పక్కకు తప్పుకోవడం కనబడింది. గల్లీ మలిగే వైపే నా మొహం ఉంది. మిగతావాళ్లంతా గోడ వైపు మొహం పెట్టి వచ్చేవాళ్లని అప్పుడే తెలిసింది. పాదంతో అడ్డకర్ర తిప్పాను. బండి మలిగింది. ఆ తర్వాత పడ్డాను, మోచేయి గీరుకుపోయింది. కానీ పడింది మలుపు దాటాకే.

అన్న ఉరికొచ్చాడు. "ఎట్ల జేసినవే?"

"నన్ను తోసింది నువ్వే గద" అన్నాను.

ఆ సాయంత్రమంతా పిల్లలు ఒకరినొకరు వెనక నుంచి తోసుకుని, ఏ కాలు ముందుకొస్తుందో చూసుకున్నారు. పొద్దున నన్ను వెక్కిరించిన వాళ్లలో ఇద్దరికి ఎడమ కాలే వచ్చింది.

సంగతి అప్పటికే నాయినమ్మ చెవిన పడింది. గడప దగ్గర నన్ను ఆపింది.

"ఎడమ కాలు ముంగటేసి ఊరేగుతున్నవట. అరిష్టమే! కుడి కాలు వెట్టి లోపటికి రా."

"కుడి కాలు వెడితెనే పన్ను ఇరిగింది నాయినమ్మా. అదేం శుభం?"

"నోరు లేస్తాంది దీనికి!"

గడప బయటే నిలబడ్డాను. ఏడుపు వస్తోంది, కానీ కాలు మాత్రం మార్చదలుచుకోలేదు. లోపల చేటలో బీడీలు చుడుతున్న అమ్మ తల ఎత్తకుండానే అంది:

"దాని కాలు దానికి తెల్సు. రానియ్యుండ్రి అత్తమ్మా."

నాయినమ్మ మాటకు అమ్మ ఎదురాడగా నేను వినడం అదే మొదలు. ఎడమ కాలు పెట్టి లోపలికి పోయాను. నాయినమ్మ రెండు రోజులు నాతో మాట్లాడలేదు. నేనూ బతిమాలలేదు.