సరస్సు ఖాళీ చేయించిన వేసవి

రిటైర్ కావడానికి నాలుగేళ్ళ ముందు, ఒక ఏప్రిల్‌లో, మిన్నెసోటా ఉత్తర భాగంలోని డ్యాముల తనిఖీ నాకు అప్పగించారు. అప్పటికి నేను డ్యామ్ సేఫ్టీ విభాగంలో సీనియర్ ఇంజనీరును. కెనడా సరిహద్దుకు దగ్గరగా, సరస్సు ఒడ్డున ఉన్న ఒక చిన్న ఊరు కూడా నా కిందికి వచ్చింది.

ఆ ఊరికి సరస్సే బతుకుతెరువు. వేసవిలో పడవలు, లాడ్జీలు, ఎరలమ్మే దుకాణం. చలికాలంలో గడ్డకట్టిన నీటికి రంధ్రం చేసి చేపలు పట్టడానికి వచ్చే జనం. అయితే ఆ సరస్సు సహజంగా ఏర్పడింది కాదు. ఎప్పుడో కలప కోసే మిల్లు కోసం వేసిన మట్టికట్ట దాన్ని నిలబెడుతోంది.

నేను వెళ్ళి చూసేసరికి కట్ట దిగువన నీరు ఊరుతోంది. మట్టికట్టకు ఊట మామూలే, తేటగా ఉన్నంతవరకు భయం లేదు. ఇక్కడ బురదరంగులో వస్తోంది. అంటే లోపలి మట్టి కొట్టుకుపోతోందన్నమాట. అలాంటప్పుడు తూములు తెరిచి నీళ్ళు వదిలేయడమే మొదటి పని. ఆ సంగతి మేయరుకు చెప్పాను. సాయంత్రానికల్లా ఊరంతా పాకింది.

నేను దిగిన లాడ్జి శ్రీలతది. షికాగో దగ్గరి షామ్‌బర్గ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు మానేసి, ఆమె, భర్త కిరణ్ అంతకు ముందేడాదే దాన్ని కొన్నారు. తెలుగువాణ్ణని తెలిసి ముందురోజు నాకు పప్పుచారు చేసిపెట్టింది.

“అంకుల్, సమ్మర్ బుకింగ్స్ అన్నీ ఫుల్. సెప్టెంబర్ దాకా వెయిట్ చేయలేరా?” అని ఆ సాయంత్రం అడిగింది.

“కట్ట అంతవరకు ఆగుతుందని నేను రాసివ్వలేనమ్మా.”

“మీరు మనవాళ్ళనుకున్నాం,” అన్నాడు కిరణ్.

నేను లేచి వెళ్ళి సామాను సర్దుకున్నాను. గది ఖాళీ చేసి పక్క ఊరి మోటల్‌కు మారాను.

మర్నాడు టౌన్‌హాల్లో సమావేశం. అందరూ నా మీద మండిపడ్డారు. అప్పుడు శ్రీలత లేచింది. తన లాడ్జిలో పనిచేసే మార్తా, ఆమె పిల్లలు కట్ట కిందనున్న ట్రైలర్ ఇళ్ళలోనే ఉంటారనీ, కట్ట తెగితే తప్పించుకోవడానికి వాళ్ళకు ఎంత టైమ్ ఉంటుందో చెప్పమనీ అడిగింది. అసలు ఉండకపోవచ్చన్నాను. ఆమె కూర్చుండిపోయింది. ఆ తర్వాత ఎవరూ పెద్దగా వాదించలేదు. ఆ వారమే తూములు తెరిచాం.

నీళ్ళు పోయాక కట్ట తవ్వితే, మనిషి పాకగలిగేంత సొరంగం బయటపడింది. మరమ్మతుకు రెండు వేసవులు పట్టాయి. ఎరల దుకాణం ఎలాగో నిలదొక్కుకుంది. శ్రీలత వాళ్ళు తట్టుకోలేక లాడ్జి అమ్మేసి షామ్‌బర్గ్ వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఆమె ఫోన్ చేసింది.

“నాకు మీమీద కోపం లేదంకుల్. కిరణ్‌కి ఉంది. తనని తప్పు పట్టలేను.”

నేనూ పట్టలేదు.

సొరంగం ఫొటోలు చూసి ఆఫీసులో నన్ను మెచ్చుకున్నారు. నిర్ణయం సరైనదే. కానీ సరైన నిర్ణయంతో నష్టపోయేది సంతకం చేసినవాడు కాదని ఆ ఊళ్ళో తెలుసుకున్నాను. ఆ తర్వాత ఎక్కడ నీళ్ళు వదిలించాల్సి వచ్చినా ఉత్తర్వు పంపి ఊరుకోలేదు. స్వయంగా వెళ్ళి, ఆ ఊరివాళ్ళు అనేదంతా అయ్యేవరకు నిలబడి విన్నాను.