నిమ్మపండు రంగు కోటు, బాతుల సాక్ష్యం

ఆ రోజుల్లో నాకు నలుపు రంగు మీద ఉన్నంత నమ్మకం మనుషుల మీద కూడా ఉండేది కాదు. నల్ల హెల్మెట్, నల్ల చుడీదారు, నల్ల మోటార్‌సైకిలు. ఆ వయసులో మనం అందంగా ఉన్నామా లేదా అన్నది మనకొక్కరికే తెలిసే రహస్యం కాబట్టి, పొద్దున్నే బందరులో బండి తీసేటప్పుడు అద్దంలో ఒకసారి చూసుకుని నాకు నేనే ముచ్చటపడేదాన్ని. చదువు అయిపోయి కొత్తగా ఉద్యోగంలో చేరాను. రొయ్యల మేత అమ్మే కంపెనీ, ఆఫీసు గుడివాడలో. దివిసీమ చెరువులన్నీ తిరిగి నీళ్ల నమూనాలు పట్టుకుని, రొయ్య ఎలా ఎదుగుతోందో చూసి రైతుకి చెప్పడం నా పని. బండి నేర్పింది మా నాన్నే. ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. గిలకలదిండి వెళ్లే రోడ్డు మీద నన్ను ముందు కూర్చోబెట్టి, తను వెనక కూర్చుని నేర్పారు. (నేర్పినంతసేపూ కుడికాలితో గాలిలో బ్రేకు తొక్కుతూనే ఉన్నారు.)

మా మేనేజరుని మేమంతా ‘జాగ్రత్త సారు’ అనేవాళ్లం. ఏ మాటైనా ఆయన నోట్లో జాగ్రత్తతోనే ముగిసేది. ‘టీ వేడిగా ఉంది, జాగ్రత్త’, ‘రేపు ఆదివారం, జాగ్రత్త’. చలికాలం మొదట్లో ఆయన ఒక అట్టపెట్టె తెప్పించి, మోటార్‌సైకిలు మీద తిరిగే మా అందరికీ తలో కోటు పంచారు. చేతుల్లేని కోటు. నిమ్మపండు రంగు, అదీ మామూలు నిమ్మపండు కాదు, లోపల బల్బు వెలుగుతున్న నిమ్మపండు. ముందూ వెనకా వెలుతురు పడితే మెరిసే వెండిరంగు పట్టీలు. ఇకనుంచి బండెక్కితే ఇది ఒంటి మీద ఉండాల్సిందే, లేకపోతే బండి ఎక్కొద్దు అన్నారు. ఇంటికెళ్లి, ‘ఆఫీసులో జాకెట్టు ఇచ్చారమ్మా’ అన్నాను. అమ్మ సంతోషంగా సంచీ తెరిచి, చాలాసేపు చూసి, ‘ఈ రంగుకి చీర ఎక్కడ దొరుకుద్దే?’ అంది.

ఆఫీసులో తిరుగుబాటు మొదలైంది. నాయకుడు చల్లపల్లి బావ. ఆయన నిజానికి మాలో ఎవరికీ బావ కాదు, అందుకే అందరికీ బావ. కాలవ గట్టున టీ కొట్టు దగ్గర సభ పెట్టాడు. ‘చూసి నడపాల్సింది లారీవాడు. మనం రంగులేసుకోవడం ఏంటి?’ అన్నాడు. అందరూ ఔనన్నారు. సారుతో ఎవరు మాట్లాడాలి అనేసరికి అందరూ టీ గ్లాసుల్లోకి చూశారు. ‘అమ్మాయ్, నువ్వు మాట్లాడు. ఆడపిల్ల మీద ఆయన అరవరు’ అన్నాడు బావ. ఆ ఆఫీసులో బండి మీద తిరిగే ఆడదాన్ని నేనొక్కదాన్నే. చేరినప్పటినుంచీ నన్ను వాళ్లలో ఒకరిగా లెక్కేస్తారా, లేక పండక్కి వచ్చిన చుట్టంలా మర్యాద చేస్తూనే ఉంటారా అని బెంగగా ఉండేది. అడిగిందే చాలనుకుని లేచాను. తీరా సారు ఎదురుగా నిలబడితే నోట్లోంచి వచ్చినవి రెండే మాటలు: ‘ఉక్కగా ఉంటుందండీ. నవ్వుతారండీ.’ సారు అరవలేదు. ‘ఒక్క వారం వేసుకుని తిరగమ్మా. శనివారం వచ్చి, దీనివల్ల ఏం ఇబ్బంది జరిగిందో చెప్పు. నిజంగా ఇబ్బందైతే తీసేద్దాం’ అన్నారు. బావ నా భుజం మీద బాధ్యత మొత్తం పెట్టి, ‘ఇబ్బందులు బాగా పట్టుకురా’ అని సాగనంపాడు.

ఇబ్బందుల కోసం వెతుక్కోవాల్సిన పని లేకపోయింది. మోపిదేవి దాటగానే ఒక మామ్మగారు రోడ్డుకి అడ్డంగా నిలబడి, ‘కరెంటు ఎప్పుడిస్తావే అమ్మాయ్?’ అని నిలదీసింది. నేను కరెంటు మనిషిని కాదండీ అంటే, ‘మీరంతా అదే అంటారు’ అంది. నాగాయలంక వైపు ఒకాయన, తన ఇంటి ముందు గుంత ఎప్పుడు పూడుస్తారో చెబితే గాని కదలనివ్వనన్నాడు. (ఆ గుంతని నేను కూడా దిగి చూసి, పెద్దదేనండీ అని ఒప్పుకున్నాక వదిలాడు.) ఇవన్నీ శనివారానికి పనికొస్తాయని లోపల్లోపల సంబరపడుతూనే తిరిగాను. కానీ అసలైన ఇబ్బంది అవనిగడ్డ దగ్గర ఒక కాలవ గట్టున, కోతలైపోయిన పొలాల్లో నాకోసం మేస్తూ ఉందని నాకు తెలియదు.

బండి గట్టు మీది రోడ్డు పక్కన ఆపి, పక్క చెరువులో నీళ్లు సీసాలో పట్టుకుని వచ్చాను. కాలవ అవతలి పొలంలో బాతుల మంద ఉంది. ముందు ఒక బాతు తల ఎత్తింది. పక్కది ఎత్తింది. తర్వాత పొలమంతా ఒకేసారి తల ఎత్తినట్టయింది. చూస్తుండగానే అన్నీ బిలబిలమంటూ కాలవలోకి దూకి, ఈదుకుంటూ ఇవతలికొచ్చి, గట్టెక్కి, పెళ్లిలో భోజనాలకి పిలిస్తే వచ్చే జనంలా నా చుట్టూ చేరాయి. భయపడి బండి స్టార్ట్ చేసి మెల్లగా కదిలాను. అవీ కదిలాయి. ఆగితే ఆగాయి. ఇదంతా ఈ కోటు మహిమేనని తట్టి, గబగబా విప్పి సంచీలో కుక్కాను. అంతే, వాటికి నేనెవరో తెలియకుండా పోయింది. ఎక్కడివక్కడ నిలబడి కాసేపు అటూ ఇటూ చూసి, రోడ్డు మీదే కూర్చున్నాయి. సరిగ్గా అప్పుడే వెనకనుంచి బస్సు వచ్చింది.

అవతలి గట్టునుంచి బాతులాయన, చేతిలో అన్నం ముద్ద అలాగే పట్టుకుని, వంతెన మీదుగా పరిగెత్తుకొచ్చాడు. ‘తియ్యమాకమ్మా! అది తియ్యమాక! మళ్లీ ఏసుకో!’ ఆయన రోజూ సాయంత్రం ఇలాంటి రంగు వానకోటు వేసుకుని వాటికి వడ్లు చల్లుతాడట. ఆ పూట ఎండగా ఉందని కోటు విప్పి తాటిచెట్టు కింద పెట్టి అన్నం తింటున్నాడు. ‘నా కోటు అవతలే ఉంది, ఇప్పుడు నేను పిలిచినా రావు తల్లీ. నువ్వే వంతెన దాటించి పొలంలో దింపాలి’ అన్నాడు దీనంగా. సంచీలోంచి తీసి మళ్లీ తొడుక్కున్నాను. బాతులన్నీ ఆనందంగా లేచాయి. నేను ముందు మొదటి గేరులో, నా వెనక బాతులు, బాతుల వెనక బస్సు, బస్సు కిటికీల నిండా తలకాయలు. ‘ఏ కంపెనీ బాతులమ్మాయ్ ఇవి?’ అని ఒకావిడ అరిచింది. కండక్టరు మెట్టు మీద నిలబడి, ‘మెల్లగా పోనియ్యమ్మా, వెనక చిన్నపిల్లలున్నారు!’ అని నాకు సూచనలు. సిగ్గుతో చచ్చిపోవాల్సిన ఆ సమయంలో నాకెందుకో నవ్వు ఆగలేదు. హెల్మెట్ లోపల కళ్లనీళ్లు కారేదాకా నవ్వాను. బస్సు డ్రైవరు నాన్నకి తెలిసినాయన కావడంతో, నేను ఇంటికి చేరేసరికి కబురు నాకన్నా ముందే చేరింది. నాన్న గుమ్మంలోనే అడిగారు: ‘హారన్ కొట్టావా, లేదా?’

శనివారం గుడివాడలో అందరి ముందూ లేచి, కరెంటు మామ్మగారినీ గుంతాయన్నీ చెప్పి, చివర్లో బాతుల కథ విప్పాను. ఆఫీసంతా పొట్ట పట్టుకుని నవ్వింది. బావ గర్వంగా చుట్టూ చూశాడు. గెలిచేశామనే అనుకున్నాను. సారు కూడా నవ్వి, కళ్లు తుడుచుకుని, ‘ఆ బాతులు నిన్ను ఎక్కణ్ణుంచి చూశాయమ్మా?’ అని అడిగారు.

‘కాలవ అవతలి పొలంలోంచండీ. చాలా దూరం నుంచి’ అన్నాను ఉత్సాహంగా.

అన్నాక గాని నేనేమన్నానో నాకు అర్థం కాలేదు. బావ నెత్తి పట్టుకున్నాడు. సారు మెల్లగా, ‘పోయిన చలికాలం పామర్రు రోడ్డులో మంచులో నన్నొక ట్రాక్టరు గుద్దింది. నా ఈ కుంటి నడక అప్పటిదే. ట్రాక్టరు నడిపినతను ఆసుపత్రికొచ్చి ఏడ్చాడు, కనపడలేదండీ అని. అబద్ధం కాదు. నేను నల్ల స్వెట్టరులో ఉన్నాను’ అన్నారు. నా నల్ల చుడీదారు ఉన్నట్టుండి నాకే బరువైంది.

కానీ బావ ఊరుకునే రకం కాదు. లేచి, ‘సార్, బాతుల దగ్గర సెల్‌ఫోను లేదండి. అందుకని చూశాయి. లారీవాడు ఫోన్లో ఉంటే మనం సూర్యుణ్ణి కట్టుకుని తిరిగినా చూడడండి’ అన్నాడు.

సారు తలూపారు. ‘నిజమేనయ్యా. కానీ లారీవాడు నా మాట వినడు. మీరు వింటారు’ అన్నారు.

చివరికి మంచు పట్టే పొద్దుటిపూట, మసక పడ్డాక తప్పనిసరి, మిట్టమధ్యాహ్నం ఎవరిష్టం వాళ్లది అని తేలింది. సగం ఓడిపోయాం, సగం గెలిచాం. నేను మావాళ్లకి మొహం ఎలా చూపించాలా అని దిగులుగా బయటికొస్తే, టీ కొట్టు దగ్గర బావ ఒక గ్లాసు నా చేతిలో పెట్టి, ‘బాతుల లాయరుగారూ, ముందు మీరు తాగండి’ అన్నాడు. ఆ రోజునుంచి ఎవరూ నాకు మర్యాద చెయ్యలేదు. నాకు కావలసింది అదే.

ఇన్నేళ్ల తర్వాత, మొన్న డిసెంబరులో ఒక పొద్దున చల్లపల్లి వైపు కారులో వెళ్తున్నాను. మంచు ఎంతగా కమ్మిందంటే రోడ్డు పక్క కొబ్బరిచెట్లకి కాళ్లున్నాయి గాని తలలు లేవు. అందులో దూరంగా ఒక నిమ్మపండు చుక్క వెలిగింది. అది మోటార్‌సైకిలు మీదున్న కుర్రాడని తెలియడానికి ఇంకా చాలాసేపు పట్టింది. ఎన్నాళ్లో ఆ రంగు నా ఒంటి మీద వేసుకుని తిరిగాను గాని, అది అంత దూరానికి, అంత ధైర్యంగా కనిపించడం నేనెప్పుడూ చూడనేలేదు. దాటి వెళ్లాలనిపించక, అతని వెనకే నెమ్మదిగా నడిపాను. కాసేపటికి అనుమానమొచ్చిందేమో, అతను పక్కకి ఆపాడు. ‘ఏంటండీ మేడం, దారి తెలవట్లేదా?’

‘తెలుసు బాబూ. ఆ కోటు ఉక్కగా ఉంటుందా?’ అన్నాను.

‘చచ్చిపోతున్నామండీ. ఆఫీసులో బలవంతం. అందరూ నవ్వుతున్నారండి’ అన్నాడు.

‘నవ్వనీ. నీకు బాగుంది’ అన్నాను. అతను నన్ను వింతగా చూసి, వెళ్లిపోయాడు. మొదటిసారి కోటు వేసుకుని తిరిగిన ఆ వారమంతా దివిసీమలో నన్ను నిలబెట్టి అడిగినవాళ్లందరూ ‘అమ్మాయ్’ అనే పిలిచారు. ఇప్పుడు మేడం అంటున్నారు. అందులో తప్పేం లేదు, నెరిసిన జుట్టు చూస్తే వాళ్లకే తెలుస్తుంది. అయినా అద్దం దించుకుని, ఆ మంచులోకి చూస్తూ కాసేపు అక్కడే కూర్చున్నాను. ఎవరైనా వచ్చి, కరెంటు ఎప్పుడిస్తావే అమ్మాయ్ అని అడిగితే బాగుండుననిపించింది.