నట్టక్క నిద్ర లేపిన ఇంజిన్

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. కుట్టు మిషన్లు బాగు చేస్తుంది, ఏ జేబులో చెయ్యి పెట్టినా నాలుగు నట్లు, ఓ స్ప్రింగు బయటపడతాయి కాబట్టి అందరికీ నట్టక్క. పెళ్లయిన కొత్తలో సొంత మిషను మొరాయిస్తే మొత్తం విప్పేసింది. మళ్లీ బిగించేసరికి రెండు మరలు మిగిలాయి. మిషను మాత్రం మునుపటికన్నా సాఫీగా నడిచింది. అప్పటినుంచి దర్జీలంతా ఆమె గుమ్మం తొక్కడం మొదలుపెట్టారు. ముందు గదిలో భర్త మంగలి దుకాణం, వెనక గదిలో ఆమె పని. మధ్యన ఒక తెర.

ఆమె అన్నయ్య బతుకంతా బస్సు నడిపాడు. ఉద్యోగం అయిపోయాక కుర్చీకి అతుక్కుపోయాడు. వదిన పలకరిస్తే ఓ ‘ఊఁ’, లేకపోతే అదీ లేదు. అలాంటివాడు ఒకరోజు పొద్దున్నే తుప్పు పట్టిన పాతకాలపు మోటారు సైకిల్‌ని తోపుడు బండి మీద వేసుకుని చెల్లెలి ఇంటి ముందు దిగాడు. పాత ఇనప సామాన్ల కొట్టులో కంటపడిందట.

"ఇది నడుస్తుందా బావగారూ?" అన్నాడు నట్టక్క భర్త, చేతిలో దువ్వెనతో.

"నడిచేదైతే ఇక్కడికెందుకు తెస్తాను?"

ఆ గొంతులో హుషారు విని నట్టక్క తలెత్తింది. ఆ గొంతు విని ఎన్నాళ్లయిందో. వెళ్లి కిక్ రాడ్ తొక్కి చూసింది. గోడను తన్నినట్టుంది. లోపల పిస్టన్ సిలిండర్‌ని కరుచుకుని కూర్చుంది.

"నాకు తెలిసింది కుట్టు మిషన్లు అన్నయ్యా."

"అందులో సూది పైకీ కిందకీ పోతుంది, ఇందులో పిస్టన్ పోతుంది. అంతేగా."

"అంతే అయితే నువ్వే చెయ్యి."

"చేస్తాను. నువ్వు పక్కనుండి చెప్పు."

ఇంజిన్ వెనక గదిలో బల్ల ఎక్కింది. ప్లగ్గు తీసిన కన్నంలోంచి కిరోసిన్, నూనె కలిపి పోసి నానబెట్టి, తర్వాత పైమూత విప్పారు. పొద్దున్నే అన్నయ్య రావడం, నట్టక్క పిస్టన్ మీద చెక్క దిమ్మ ఆనించి సుత్తితో మెల్లగా తట్టడం, అది ఉలకకపోవడం, పలకకపోవడం. తెర అవతలినుంచి భర్త గొణిగేవాడు.

"సెంటు కొట్టమన్నవాడికి కిరోసిన్ వాసన వస్తోందట. నా తువ్వాళ్లు ఏవీ?"

"నూనె తుడుచుకుంటున్నాయి."

ఒకనాడు సుత్తి దెబ్బకు లోపల ‘టక్’మంది. పిస్టన్ గోరంత జరిగింది.

"కదిలిందా, నా కళ్లు చెదిరాయా?" అన్నాడు అన్నయ్య.

మళ్లీ తట్టింది. మళ్లీ జరిగింది. వయసు మీద పడ్డ అన్నాచెల్లెళ్లు నేల మీద చతికిలబడి, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వారు.

సిలిండర్ లోపలంతా గీతలు. "బోరు కొట్టించాలి," అంది నట్టక్క.

"వీధిలో అందరికీ కొట్టిస్తున్నారు, దానికీ కొట్టించండి," అన్నాడు భర్త.

లేతు పనివాడు సిలిండర్ లోపలిభాగాన్ని చెక్కి నునుపు చేసి, అందుకు సరిపడే కాస్త లావు పిస్టన్ వెతికి ఇచ్చాడు. అన్నయ్య చలికి చేతులు రుద్దుకున్నట్టు వాల్వుకి అతికించిన పుల్లను అరచేతుల మధ్య తిప్పుతూ, గాలి పోకుండా కుదిరేలా ఒక్కో వాల్వునీ అరగదీశాడు. చేతులు ఆడుతుంటే నోరూ ఆడింది. బ్రేకు పడని బస్సు కథ, టిక్కెట్టు కొనని మేక కథ. చూసిపోదామని వచ్చిన వదిన గుమ్మంలోనే నిలబడిపోయింది.

"ఇంట్లో నోరు విప్పితే ముత్యాలు రాలిపోతాయనుకుంటాడు. ఇక్కడ చూడండి," అంటూనే ఓ గుడ్డ అందుకుని ట్యాంకు తోమడానికి కూర్చుంది.

అంతా బిగించి, బండిని ఇంటి ముందు నిలబెట్టాక అన్నయ్య కిక్కు కొట్టాడు. ఇంజిన్ తుపాకీ పేలినట్టు ఒక్క చప్పుడు చేసి, రాడ్డును ఎదురు తన్నింది. ఆయన ఒంటి కాలి మీద గెంతుతూ వెళ్లి మెట్టు మీద కూలబడ్డాడు.

"వదిలేద్దాంలే," అన్నాడు. పక్కనున్న పానాను దూరంగా నెట్టేశాడు.

నట్టక్కకి భయం పట్టుకుంది. ఇంజిన్ గురించి కాదు, వాళ్లింట్లో ఉన్న ఆ కుర్చీ గురించి. ఎదురు తన్నిందంటే నిప్పురవ్వ వేళకి ముందే పడుతోంది. భర్త కత్తికి అంటిన నురగ తుడిచే పల్చటి కాగితం ఒకటి లాక్కొచ్చి, విడిపోగానే నిప్పురవ్వ పుట్టించే పాయింట్ల మధ్య దోపి, ఇంజిన్‌ని చేత్తో నెమ్మదిగా తిప్పింది. పిస్టన్ పైకి చేరడానికి ఇంకా చాలా దూరం ఉండగానే కాగితం ఊడి చేతికొచ్చింది.

"పళ్ల చక్రం ఒక పన్ను అవతలికి పెట్టాను. తప్పు నాదే అన్నయ్యా."

"మరి నా కాలో?"

"దానికి వదిన ఉందిగా."

అన్నయ్య పెదవి చివర నవ్వు కదిలింది. పానా తీసుకుని పక్కకొచ్చి కూర్చున్నాడు. చక్రం సరిచేసి, కాగితంతో మళ్లీ చూసి, అంతా బిగించారు. ఈసారి రెండో కిక్కుకే ఇంజిన్ దగ్గి, పొగ కక్కి, డుగడుగమంటూ అందుకుంది. కిటికీ రెక్కలు అదిరాయి. గడ్డానికి సగం నురగతో ఓ గిరాకీ దుకాణంలోంచి బయటికొచ్చాడు, వెనకే కత్తి పట్టుకుని భర్త.

"ఎక్కవే," అన్నాడు అన్నయ్య.

నట్టక్క వెనక ఎక్కి కూర్చుంది.

"మరి నేనో?" అన్నాడు భర్త.

"ముందు ఆయన గడ్డం పూర్తి చెయ్యండి."

వీధి మలుపు తిరిగారు. ఎదురుగాలికి ఆమె జుట్టు ముడి వీడిపోయింది, పట్టించుకోలేదు. తను బిగించిన ప్రతి నట్టు అదురూ కాళ్లలోంచి పైకి పాకుతుంటే చిన్నపిల్లలా కేక వేసింది. ఎత్తు ఎక్కుతుండగా ఇంజిన్ ఠక్కున ఆగింది.

"పెట్రోలు ఎంత పోశావే?"

"గ్లాసుడు. నడుస్తుందని నమ్మకమేముంది?"

ఇద్దరూ చెరోవైపు పట్టుకుని తోసుకుంటూ వెనక్కి మళ్లారు. దారి పొడుగునా అన్నయ్య మాట్లాడుతూనే ఉన్నాడు. పెట్రోలు బంకు దాటిపోయిందన్న సంగతి ఇద్దరిలో ఒక్కరూ గమనించలేదు.