ఆవగట్టు మీద ఆకలి

మా అత్తయ్య పోయాక మావయ్యగారు కంచం దగ్గర ఒకటే మాట పట్టుకున్నారు, "చాలమ్మాయ్" అని. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకునేవారు. వానాకాలమంతా అదే తంతు. చొక్కాలన్నీ వదులైపోయాయి. డాక్టరు చూసి జబ్బేమీ లేదన్నాడు. నాకు బెంగగా ఉండేది, బెంగ కంటే ఒళ్లుమంట ఎక్కువ. నాది పద్మనాభం వైపు పల్లె, అత్తవారిది కొల్లేరు పక్కన ఊరు. నా చేతి వంట ఆయనకి నచ్చడం లేదేమోనని అనుమానం.

"ఏటి మావయ్యా, కూర బాలేదా?" అని అడిగితే "బావుందమ్మా" అనేవారు. ఉప్పు తగ్గిందనో, కారం మండుతోందనో ఒక్కసారి విసుక్కుంటే బావుణ్ణనిపించేది. అత్తయ్యని రోజూ విసుక్కునేవారు మరి.

చలికాలంలో మా వాకింగ్ గుంపు పక్షుల్ని చూడ్డానికి కొండకర్ల ఆవకి బయల్దేరింది. సముద్రానికి కాస్త ఇవతల, తామరాకులూ తుంగా నిండిన పెద్ద మడుగు అది. మావయ్యగారిని బతిమాలి వ్యాన్ ఎక్కించాను. పోర్టులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి, మంకీ క్యాప్ పెట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నారు.

మా గుంపు పెద్ద ఒక రిటైరైన లెక్చరరు. గట్టు మీదకి రాగానే, పిట్టలు బెదురుతాయని అందరిచేతా గుసగుసలాడించారు. నీళ్ల మీద బాతుల్లాంటి పిట్టలు గుంపులుగా తేలుతున్నాయి. ఆయన తన బైనాక్యులర్స్ మావయ్యగారి చేతిలో పెట్టారు. మావయ్యగారు చాలాసేపు చూసి, గుసగుసా పాడూ లేకుండా, "ఓర్నీ, పరజలు! పులుసు పెడితే ఎంత రుచండీ!" అన్నారు.

పిట్టలు కొన్ని లేచిపోయాయి. వచ్చినవాళ్లంతా మావైపు తిరిగారు. నాకు తల కొట్టేసినట్టయింది.

"ఎంతో దూరం నుంచి వచ్చిన అతిథులండీ అవి! అతిథుల్ని వండుకు తింటారా ఎవరైనా?" అన్నారు లెక్చరరుగారు.

"ఎప్పటి మాటో లెండి. అవి అతిథులని అప్పట్లో మాకు తెలీదండి" అన్నారు మావయ్యగారు, ఏమాత్రం తడుముకోకుండా.

ఇక ఆపితే ఒట్టు. అత్తయ్య కాపరానికొచ్చిన కొత్తలో పరజలు వండిందట. పులుసులో చింతపండు వెయ్యడం మర్చిపోయిందట. "కొత్త పెళ్లికూతురు కదండీ, ఏమంటాం? గిన్నె ఊడ్చేశాను. మర్నాటి నుంచి మాత్రం వంకలు పెట్టడం మొదలెట్టాను" అని నవ్వారు. నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. కాసేపు నీళ్లకేసి చూసి నాతో, "ఆకలేస్తోందమ్మాయ్" అన్నారు.

ఆ మాట ఆయన నోట విని ఎన్నాళ్లయిందో! గబగబా పులిహోర డబ్బా తీశాను. నాలుగు ముద్దల్లో అయిపోయింది. "ఇంకుందా?" అన్నారు. ఎక్కణ్ణుంచి ఉంటుంది? ఎలాగూ తినరని ఆయన వాటా గుప్పెడే పెట్టాను. నా డబ్బా ఇచ్చేశాను, అదీ ఖాళీ అయింది. నా అవస్థ చూసి, ఇందాక కోప్పడ్డ లెక్చరరుగారే తన టిఫిన్ లోంచి రెండు ఉడకబెట్టిన గుడ్లు తీసి అందించారు.

"కోడిగుడ్లే లెండి, మొహమాటపడకండి" అన్నారు.

మావయ్యగారు మొహమాటపడలేదు. రెండోది కూడా తిని, చెయ్యి కడుక్కుని, మూతి తుడుచుకుంటూ నావైపు తిరిగారు.

"పులిహోరలో ఉప్పు తగ్గిందమ్మాయ్. చూసుకోవద్దూ?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. "రేపట్నుంచి సరిగ్గా వేస్తాను మావయ్యా" అన్నాను.