ఏడవని బిడ్డ, ఏడ్చిన బిడ్డ

సంఘ పెద్దలకూ, అక్కచెల్లెళ్ళకూ ప్రభువు పేరట వందనాలు. నేను సత్తెనపల్లి పక్క పల్లెలో మిరపచేలల్లో కూలికి పోయే సుగుణమ్మను, పదిమందిలో నిలబడి మాట్లాడటం నాకు చేతకాదు, అయినా దేవుడు నా కోసం చేసింది చెప్పకుండా కూర్చోలేక లేచాను.

నా తొలి కాన్పు మిరపకోతల రోజుల్లో వచ్చింది. నెలలు నిండేసరికి కాళ్ళూ మొహమూ వాచిపోయాయి, తలనొప్పికి కళ్ళు తెరవలేకపోయేదాన్ని, నీరు పట్టిందిలే అన్నారందరూ, నేనూ అలాగే అనుకుని కోతకు పోతూనే ఉన్నాను. ఒకరోజు పొద్దున్నే ఉమ్మనీరు పోయింది, పచ్చగా ఆకుపసరులాగా! నొప్పులతోనే ఆ రోజు గడిచింది, మర్నాడు మధ్యాహ్నమైనా బిడ్డ రాలేదు. నా భర్త యోహాను తల్లితో, "అమ్మా, బండి కడతాను, పట్నంలో మిషన్ ఆసుపత్రికి తీసుకుపోదాం" అన్నాడు. మా అత్తగారు, "నా పిల్లలందరినీ ఈ పాకలోనే కన్నానురా, తొలికాన్పంటే ఆలస్యమే అవుతుంది, మోకరించి ప్రార్థన చెయ్యి" అంది. ఆయన మోకరించాడు. ఎడ్లు కొట్టంలోనే ఉన్నాయి, బండి వాకిట్లోనే ఉంది.

ఆడపిల్ల పుట్టింది సహోదరులారా, నిండైన పిల్ల, ఒత్తుగా జుట్టు, కానీ ఒళ్ళంతా నీలం, పేగు మెడకు చుట్టుకుని ఉంది! ఏడవలేదు. వీపు తట్టారు, చన్నీళ్ళు చల్లారు, చెవి దగ్గర కంచం మోగించారు, ఎప్పుడో ఒక ఎగశ్వాస తీసి ఆగిపోయేది, మళ్ళీ తీసేది. పొద్దువాలేలోగా అదీ ఆగిపోయింది. పేరైనా పెట్టుకోలేదు.

ఆ తర్వాత నేను ప్రార్థన మానేశాను. "అడగమన్నావు, అడిగాంగదా, ఎందుకివ్వలేదు?" అని దేవుణ్ణి నిలదీసేదాన్ని, అత్తగారు వండిన అన్నం తినేదాన్నిగానీ ఆమె మొహం చూసేదాన్ని కాదు. ఒకే పాకలో ఇద్దరం రెండు రాళ్ళలా బతికాం.

మళ్ళీ కడుపు వచ్చింది, మళ్ళీ కాళ్ళు వాచాయి. ఈసారి అత్తగారే, "ఒరేయ్ యోహానూ, బండి కట్టు" అంది. ఆసుపత్రిలో డాక్టరమ్మగారు తొలి కాన్పు సంగతంతా అడిగి, "నీరు పచ్చబడిందంటే లోపల బిడ్డ ఊపిరి చాలక అల్లాడుతూ ఉండొచ్చమ్మా. నీ వాపు, అంతసేపు నొప్పులు, మెడకు పేగు, అన్నీ కలిసి బిడ్డ మీద పడ్డాయి" అన్నారు.

"అప్పుడే తెచ్చుంటే బతికేదాండీ?" అని అడిగాను.

"బతికేదేమోనమ్మా. ఖాయంగా చెప్పలేను."

అత్తగారు వింటూనే ఉంది. వాచిన నా కాళ్ళు రెండూ పట్టుకుని, "ప్రభువా, నా కోడలి ఎదుటే ఒప్పుకుంటున్నాను, తెలియక మొండికేశాను, నన్ను క్షమించు, ఈ బిడ్డనైనా నిలబెట్టు తండ్రీ" అని వెక్కివెక్కి ఏడ్చింది! నా చెయ్యి దానంతటదే ఆమె తలమీదికి పోయింది, నా గుండెలో రాయి ఆ ఘడియలోనే కరిగింది, నాకు విడుదల అక్కడే కలిగింది, దేవునికే మహిమ!

ఆ బిడ్డ కూడా నీలంగానే వచ్చాడు, వాడూ ఏడవలేదు. డాక్టరమ్మగారు గొట్టంతో నోట్లో తెమడ లాగేసి, వాడి నోటిమీద నోరు పెట్టి మెల్లగా ఊపిరి ఊదారు, మళ్ళీ ఊదారు... కెవ్వుమన్నాడు! వరండాలో మా అత్తగారు స్తోత్రమని కేక వేసింది. నేను మాత్రం ఆ సంతోషంలోనే, పేరులేని నా చిట్టితల్లి కోసం తొలిసారి మనసారా ఏడ్చాను. ఇప్పటికీ ఏడుస్తాను. దేవుడు నా కోపం తీసేశాడుగానీ ఆ దిగులు ఉంచాడు.

అక్కలారా, మీలో కడుపుతో ఉన్నవాళ్ళున్నారు. ఆయన్ని నమ్మండి, నమ్మదగినవాడు. కానీ కాళ్ళూ మొహమూ వాచినా, నీరు పచ్చగా పోయినా, నొప్పులు రోజు దాటినా ఆగకండి. ముందు బండి కట్టించండి, ప్రార్థన బండిలో చేసుకోండి. అక్కడా వింటాడాయన.