కొరియా మేడమ్‌కి దిష్టి తీశాను

పోయిన శుక్రవారం నుంచి మా ఆఫీసులో నన్ను చూసినవాళ్ళంతా ముందు ముక్కు మూసుకుని, తర్వాత నవ్వుతున్నారు. తప్పు నాదే, వినండి.

సత్తెనపల్లి దగ్గర మా మిరపకాయల కంపెనీ కొరియా వాళ్ళది. నేను ఆఫీసు ఊడ్చి టీలు ఇస్తుంటాను. పరాయి దేశం వాళ్ళ కంపెనీ కదా, గవర్నమెంటుకి అన్నీ చెప్పుకోవాలి. ఓనరెవరు, ఎక్కడుంటారు, ఆఫీసెక్కడ, అన్నీ. మా అమ్మాయి సంబంధం అప్పుడు కూడా ఇన్ని అడగలేదు. ఈ మధ్య ఆఫీసు కొత్త బిల్డింగులోకి మారింది. దానికీ ఒక ఫారం. డైరెక్టరు ఈ కొత్త ఆఫీసులో కూర్చున్న ఫోటో కూడా అందులో పెట్టాలట. ఆ శుక్రవారమే ఆఖరి రోజు. అది వెళ్ళకపోతే కంపెనీకి పెద్ద చిక్కని మా మేనేజర్ శేషగిరిగారు మూడు రోజుల నుంచి సరిగ్గా అన్నం తినలేదు.

ఆ డైరెక్టరు మేడమే ఓనరు కూడా. ఆ మధ్యాహ్నమే కారు దిగింది. సాయంత్రం మళ్ళీ ఫ్లైటు. యార్డులో మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్ళంతా చేతులు ఆపేసి ఆమెనే చూశారు. ఆ రంగేంటి, ఆ జుట్టేంటి అని ఒకటే మాటలు. ఆమె లోపలికొచ్చి కూర్చుంది, అంతే, తల పట్టుకుని టేబుల్ మీద వాలిపోయింది. టీ ఇచ్చాను, మాత్ర ఇచ్చాం, తల ఎత్తదు. సారేమో సెల్లు పట్టుకుని ఫోటో కోసం చుట్టూ తిరుగుతున్నారు.

నలుగురిలో నోరు విప్పని మనిషిని. ఆ రోజు నాకేమైందో, "దిష్టండీ సార్" అనేశాను.

"ఏదో ఒకటి చెయ్యమ్మా, తొందరగా" అన్నారాయన.

శుక్రవారం కాబట్టి దేవుడి పటాల ముందు సాంబ్రాణి నిప్పులు రెడీగా ఉన్నాయి. యార్డులోకి పరిగెత్తాను. ఇంట్లో అయితే ఏడు మిరపకాయలు చాలు. కళ్ళ ముందు అంత గుట్ట ఉంటే, అదీ ఓనరుగారికి తీసేటప్పుడు, ఏడేంటని దోసెడు తెచ్చాను. ఉప్పు కలిపి ముమ్మారు తిప్పాను. సారు దణ్ణం పెట్టుకున్నారని ఆమె కూడా దణ్ణం పెట్టింది. మొత్తం నిప్పుల్లో వేశాను.

ఏసీ గది. తలుపులు మూసున్నాయి.

ఆ తర్వాత నాకేమీ కనిపించలేదు, దగ్గులు మాత్రం వినిపించాయి. సారు గుమ్మం అనుకుని బీరువా తలుపు తీశారు. ఎలాగో ముగ్గురం వరండాలో పడ్డాం. మేడమ్ ముక్కు చీది, సెల్లుకి తన భాషలో ఏదో చెప్పింది. అది తెలుగులో పలికింది: "నేను మిరపకాయలు తింటాను. పీల్చను."

నా ఉద్యోగం పోయిందనుకున్నాను. ఆమె మాత్రం పొగ తగ్గాక తనే లోపలికెళ్ళి కుర్చీలో నిటారుగా కూర్చుని, ఫోటో తీయమని సైగ చేసింది. తలనొప్పి పోయిందో, ఇంకోసారి దిష్టి తీస్తానని భయపడిందో.

ఫోటో పంపిన గంటకి గుంటూరు నుంచి, మా ఫారాలు పంపే ఆడిటరుగారి ఫోను. "ఫారం వెళ్ళిపోయింది శేషగిరిగారూ. కానీ ఆవిడ సొంత కంపెనీలో కూర్చుని అలా ఏడుస్తున్నారేంటండీ?"

సాయంత్రం యార్డులో తొడిమలు తీసే కోటమ్మకి ఇదంతా చెప్పాను. అది నవ్వలేదు. బాగా ఆలోచించి, "దిష్టి తగిలుంటే నిప్పుల్లో వేసినా ఘాటు రాదు కదక్కా" అంది.

పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ధైర్యం చేసి నోరు విప్పాను. అదీ తగలని దిష్టి తీయడానికి.